తిప్పమ్మ కాగితం

కంబదూరు,
16 జూన్ 2003

హాస్టల్ రోజుల నుంచి నా మంచీ చెడూ చూసిన తిప్పేష్‌కు,

మే 13, మంగళవారం. ఉదయం ఐదున్నరకు ఉమ లేచి, తలనొప్పిగా ఉందని మళ్లీ పడుకుంది. అప్పటికి మూడు రోజులుగా జ్వరం. ఎండదెబ్బ అనుకున్నాం. ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా అదే అనుకునే రోజులు. ఏడు గంటలకు మజ్జిగ ఇస్తే వాంతి చేసుకుంది. ఎనిమిదికి నన్ను చూసి, "బడికి టైమాయె, తాళంచెవి యాడ పెట్టినా?" అని అడిగింది. ఆమె పాఠాలు చెప్పే బడికి వేసవి సెలవులు మొదలై మూడు వారాలయింది. మా ఏడేళ్ల కాపురంలో మొదటిసారి భయపడ్డాను. స్నేహితుడు కుళ్లాయప్ప ఎవరిదో జీపు తెచ్చాడు. కళ్యాణదుర్గంలో డాక్టరు రక్తం చూసి, మలేరియా మెదడుకు ఎక్కింది, అనంతపురం తీసుకుపొమ్మన్నాడు. దారిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. అనంతపురంలో మంచం మీదికి చేర్చేసరికి పన్నెండున్నర. సెలైన్ పెట్టారు, ఇంజక్షన్లు ఇచ్చారు, ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. మూడు గంటల పది నిమిషాలకు పోయింది. నేను అప్పుడు కింద మందుల షాపు దగ్గర వరసలో ఉన్నాను. నా ముందు ఇంకా ఇద్దరున్నారు.

ఇంతకంటే రాయలేను. ఫోన్లో అయితే ఇది కూడా చెప్పలేను. అందుకే నీ ఫోన్లకు పలకలేదు.

నిన్ను ఒకటి అడగాలి. చిన్న విషయమే. కానీ నెల రోజులుగా నన్ను నిలవనీయడం లేదు.

నిన్న ఆదివారం కుళ్లాయప్ప, యేసన్న వచ్చారు. కుళ్లాయప్పది కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టే అంగడి. బోర్లు ఎండిపోయాక అతనికి పనే లేదు. యేసన్న మా కాలేజీలో ల్యాబ్ చూస్తాడు. ఆట మళ్లీ మొదలుపెడదామన్నారు. ఆట నువ్వు నేర్పిందే. కానీ నువ్వు బెంగళూరు వెళ్లిన నాలుగేళ్లలో దాన్ని చాలా మార్చుకున్నాం. అందుకే నీకు తెలిసినవి కూడా మళ్లీ రాస్తున్నాను. ఒకరు కథ నడుపుతారు. ఇక్కడ అది నేను. మిగిలినవాళ్లు తలా ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషి పేరు, బలం, పనితనం ఒక కాగితం మీద రాసుకుని, ఆ మనిషిగా మాట్లాడతారు. గోడ దూకగలిగారా, కత్తి తగిలిందా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఆడేకొద్దీ ఆ మనిషి మెట్టు మెట్టుగా ఎక్కి బలపడతాడు. నువ్వు ఇచ్చిన జిరాక్సు పుస్తకంలోని మంచుకొండలు, కోటలు మాకు పట్టలేదు. మా ఆటలో ఊళ్లు ఇక్కడివే. కాకపోతే అక్కడ వాన పడుతుంది. అది ఉమ పెట్టిన షరతు. "బయట చూసేది చాలదా, ఆటలోనన్నా పడనీ" అంది. ఆమె మనిషి తిప్పమ్మ. గొర్రెలు కాచుకుంటుంది, అడుగుజాడలు చదువుతుంది, ఎవరికీ భయపడదు.

మొదట్లో మాకు చావుకు నియమాలు లేవు. కుళ్లాయప్ప మనిషి భైరప్ప ఒక వంతెన మీద కొట్లాడి చనిపోయాడు. మరుసటి ఆదివారం కుళ్లాయప్ప కొత్త కాగితం తెచ్చాడు. చిన్న భైరప్ప. అదే కత్తి, అదే గుర్రం, అవే మీసాలు.

"ఎవరప్పా ఈయన?" అంది ఉమ.

"భైరప్ప తమ్ముడక్కా. అన్న చచ్చినాడని తెలిసి వచ్చినాడు."

రెండు నెలల్లో అతనూ పోయాడు. మూడో తమ్ముడు వచ్చాడు.

"ఆ భైరప్పను కన్న తల్లి యాడుండాదో చెప్పు, పోయి కాళ్లు మొక్కొస్తా," అంది ఉమ. యేసన్న నవ్వలేక మంచం మీంచి జారాడు. మొన్నటిదాకా అది తలచుకుంటే నాకూ నవ్వొచ్చేది.

యేసన్న ఇంకో దారి కనిపెట్టాడు. తన మనిషి చావకముందే అతనికి విశ్రాంతి ఇచ్చి, ఏటి ఒడ్డున తోటలో కూర్చోబెట్టి, అతని దగ్గరున్నవన్నీ తన కొత్త మనిషికి దానం ఇప్పించాడు. దానపత్రం నిజంగానే రాసుకొచ్చాడు, సాక్షి సంతకాలతో. ఉమ ఆరోజు ఆట ఆపించి, రూళ్ల కాగితం మీద నియమాలు రాసింది. చనిపోయినవాడి చుట్టం రాకూడదు. అదే పేరు, అదే పనితనం కూడదు. వాడి వస్తువులు బతికినవాళ్లు పంచుకోవాలి, లేదా పాతిపెట్టాలి, కొత్తవాడు ముట్టకూడదు. విశ్రాంతికి పోయినవాడు తనది తాను తీసుకుపోతాడు, అవసరం పడిందని పిలిస్తే తిరిగి రాడు. కొత్తవాడు మొదటి మెట్టు నుంచి ఎక్కాలని నేనన్నాను. ఆమె ఒప్పుకోలేదు. జట్టులో అందరికంటే వెనకున్నవాడితో సమానంగా నిలబెట్టాలంది. "మనిషిని పోగొట్టుకున్న బాధ పడినాడు గదా, మళ్లా పాకించేదెందుకు?" అని అడిగింది. కొత్తవాడు అదే పూట కథలోకి రావాలి, ఎవరూ గోడకు ఆనుకుని చూస్తూ కూర్చోకూడదు. కుళ్లాయప్ప ఏం జరిగినా "మా భైరప్ప అయ్యింటేనా" అనేవాడు కాబట్టి ఇంకొకటి చేర్చింది: కొత్త మనిషిని పోయిన మనిషితో పోల్చకూడదు. అందరం సంతకాలు పెట్టాం.

ఇవన్నీ ఆటలో మనిషి చనిపోతే. ఆడే మనిషి చనిపోతే ఏం చేయాలో ఆమె రాయలేదు. నీ పుస్తకం మూడుసార్లు తిరగేశాను. అందులోనూ లేదు.

నిన్న కుళ్లాయప్ప అన్నాడు: "ఉమక్క మనిషిని ఊరికే పోనీయొద్దన్నా. ఈశ్వరి ఉండాది గదా. సెలవులకు వచ్చినపుడంతా పక్కన కూచోని చూసింది. ఆ యమ్మ చేతిలో పెట్టు."

ఈశ్వరి ఉమ చెల్లెలు. నీకు గుర్తుండకపోవచ్చు; మా పెళ్లప్పుడు పదిహేనేళ్ల పిల్ల. ఇప్పుడు ఇరవై రెండు. మా అత్త లక్ష్మక్క, ఈశ్వరి ఇద్దరూ మే నుంచి ఇక్కడే ఉన్నారు. వాళ్ల ఊరు యాడికిలో ఇంటికి తాళం వేసి వచ్చారు. కుళ్లాయప్ప ఆ మాట అన్నప్పుడు ఈశ్వరి గుమ్మం దగ్గర బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

ఇంకో సంగతి కూడా నీకు తెలియాలి. వారం కిందట అత్త నా ముందు కంచం పెట్టి, "ఆషాడం పోనీ నాయనా. శ్రావణంలో ఈశ్వరిని నీకిచ్చి చేస్తాం. దానికి ఇల్లు తెలుసు, నువ్వు తెలుసు. అది నీకు కొత్త మనిషేం కాదు," అంది. మా వైపు ఇది వింత కాదని నీకు తెలుసు. నేను ఔననలేదు, కాదనలేదు. అన్నం తిన్నాను.

తిప్పమ్మ చనిపోయిందని నా నోటితో నేను చెప్పలేను. గొర్రెలు తోలుకుని ఎటో వెళ్లిపోయిందని కూడా చెప్పలేను. కాగితం అలమారలో ఉంది, చివర ఉమ చేత్తో 'కంబళి చిరిగింది, కుట్టాలి' అని రాసి ఉంది. దాన్ని ఇంకొకరికి ఇవ్వడం తప్పా? నువ్వు ఏది చెబితే అది చేస్తాను.

నీ
జయచంద్ర


కంబదూరు,
28 జూలై 2003

తిప్పేష్,

నన్ను తిట్టాల్సిన బాధ్యత ఉన్నవాడివి నువ్వొక్కడివే మిగిలావు. అందుకే దాచకుండా రాస్తున్నాను.

పుస్తకంలో లేనిదానికి బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఒప్పుకుంటే అదే నియమం అని రాశావు. కుళ్లాయప్ప సరే అన్నాడు. యేసన్న సరే అన్నాడు. నేను సరే అన్నాను. ఆ ఆదివారమే తిప్పమ్మ కాగితం ఈశ్వరి ముందు పెట్టాను.

మొదటి గంట ఆమె ఆ కాగితమే చదువుతూ కూర్చుంది. కథలో జట్టు ఒక వంక దాటింది. తడి ఇసుకలో జాడలు కనిపించాయని చెప్పి, ఎవరివో చూడమన్నాను. ఈశ్వరి నాలుక చప్పరించింది. వంగి, బల్ల మీదే ఏదో ఉన్నట్టు చూసి, "ఇవి గొర్లవి కాదు, ఏమప్పా, నీకు కండ్లు కనపడవా?" అంది. ఉమ మాట, ఉమ విరుపు. యేసన్న లేచి బయటికి పోయాడు. నేను పాచిక పట్టుకుని కూర్చుండిపోయాను. కాసేపటికి నవ్వాను. అంతకుముందు యాభై రోజుల్లో నేను ఒక్కసారి కూడా సరిగా ఊపిరి తీసుకోలేదని అప్పుడు తెలిసింది.

అప్పటినుంచి వారంలో ఒక్క రోజు కోసం బతుకుతున్నాను. సోమవారం నుంచి శనివారం దాకా క్లాసులు చెబుతాను. ఏం చెబుతున్నానో నాకు తెలియదు. ఒక పిల్లవాడి నోట్సు తీసి చూస్తే, ఒకే లెక్క రెండు రోజులు వరసగా చేయించాను. ఎవరూ చెప్పలేదు. వాన లేదు. చేలల్లో వేసిన వేరుశెనగ మొలవకుండానే పోయింది. ఊళ్లో సగం మంది బెంగళూరు దారి పట్టారు. నేను మాత్రం ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఎప్పుడవుతుందా అని చూస్తుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. పాచిక నేను పలక వెనక వేస్తాను. బల్ల మీద పలక నిలబెట్టి, దాని వెనక నేను కూర్చుంటాను, అంకె నాకొక్కడికే కనిపిస్తుంది. జూలై 6న తిప్పమ్మను పాము కరిచింది. బతకాలంటే ఇరవైలో పది దాటాలి. నాలుగు పడింది. "పదమూడు" అన్నాను. మరుసటి వారం బాణం. ఆరు పడింది. "పద్దెనిమిది" అన్నాను. నిన్న మళ్లీ. అదే పూట కుళ్లాయప్ప మనిషికి మూడు పడితే మూడు అనే చెప్పాను. అతను చచ్చాడు. కుళ్లాయప్ప కొత్త కాగితం తీసుకుని, రెండో మెట్టు మీద నిలబడ్డాడు. పాచిక మీద అబద్ధం చెప్పడం ఇంత తేలికని నాకు తెలియదు. నిజం పాచిక మే నెలలో ఒకసారి పడింది. దాన్ని నేను చూడను కూడా లేదు, వరసలో ఉన్నాను.

ఇక్కడితో ఆగి ఉంటే నీకు ఇంత రాసేవాణ్ణి కాదు. మొన్న శనివారం పోస్టులో ఈశ్వరి పేరు మీద కవరు వచ్చింది. నర్సు శిక్షణలో సీటు వచ్చింది, ఆగస్టు 11లోగా అనంతపురంలో చేరాలి. మార్చిలో ఉమే దగ్గరుండి ఆ దరఖాస్తు పెట్టించింది. యాడికికి పోస్టు సరిగా రాదని మా చిరునామా ఇచ్చింది. నేను విప్పాను, చదివాను, సొరుగులో పుస్తకాల కింద పెట్టాను. సాయంత్రం ఈశ్వరి అడిగింది, "బావా, పోస్టేమన్నా వచ్చెనా?" లేదన్నాను. "రాదులే, మన మొగాలకు యాడొస్తుంది," అని నవ్వి, నీళ్ల ట్యాంకరు వచ్చిందని బిందె తీసుకుని పోయింది.

ఆమె పోతే ఆదివారాలు ఉండవు. ఇదొక్కటే నా కారణం. ఇంకోటి కల్పించి నీకు చెప్పను.

నిన్న అత్తకు సరే అన్నాను. ఈశ్వరి కూడా సరే అందని అత్త చెప్పింది. ఆగస్టు 13 బుధవారం నిశ్చయం. అత్త సంతోషంతో, మా ఆటను మొదటిసారి తిట్టకుండా చూసింది. "దుడ్లు పెట్టని జూదం యాడన్నా ఉంటుందా? ఉమ గూడా ఇట్లనే కూచుంటాండె. కానీండి," అని అందరికీ బొరుగులు కలిపి పెట్టింది.

నిశ్చయానికి రా. లేదంటే ఇది తప్పని రాయి. ఏదైనా తొందరగా చెయ్యి. నాకు సొరుగు తెరవడానికి ధైర్యం చాలడం లేదు, మూసి ఉంచడానికీ చాలడం లేదు.

జయచంద్ర


కంబదూరు,
10 ఆగస్టు 2003, ఆదివారం సాయంత్రం

తిప్పేష్,

నీ కార్డు గురువారం అందింది. మూడు వాక్యాలే రాశావు. "బల్ల చుట్టూ ఉన్నవాళ్లంటే నలుగురు. ముగ్గురి సంగతే రాశావు. ఈశ్వరి ఏమంది?" అది జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. అడగలేదు. ఈరోజు ఆమే చెప్పింది.

రెండు గంటలకు కూర్చున్నాం. కథలో ఏరు పొంగింది. తిప్పమ్మ తాడు పట్టుకుని దాటాలి. పన్నెండు రావాలి. పలక వెనక వేశాను. మూడు.

"పదహారు," అన్నాను. "గట్టు ఎక్కింది."

ఈశ్వరి చేయి చాపి పలకను పక్కకు జరిపింది. గట్టిగా కూడా కాదు, గిన్నె జరిపినట్టు. పాచిక అక్కడే ఉంది.

కుళ్లాయప్ప దాన్ని చూసి, "పాము కరిచిన దినమే నాకు అనుమానమొచ్చెనన్నా," అన్నాడు. "అడగల్యా. ఏమని అడిగేది?"

"మునిగిపోయింది బావా," అంది ఈశ్వరి. "చెప్పు."

"ఇంకోసారి వేద్దాం."

"కుళ్లాయప్పన్న మనిషికి ఇంకోసారి ఏసినావా?"

నేను పాచిక వైపు చూస్తున్నాను. ఆమె కాగితం మడిచి నా ముందు పెట్టింది.

"అక్క మాదిరి మాట్లాడేది నాకు చేతనయితుంది," అంది. "చిన్నప్పటినుంచి ఎగతాళికి చేస్తాంటి, అది కొడతాండె. మొదటి వారం నువ్వు నవ్వితివి. అమ్మ చూసి ఏడ్చె, అల్లుడు నవ్వినాడని. సరే, ఇంకో వారం అనుకుంటి. ఇప్పుడు మా అమ్మను గూడా ఏమప్పా అంటాండా. నిశ్చయమయినాక ఆదివారం ఒగటే కాదు గదా బావా, దినామూ చేయాల. నాతో కాదు. తిప్పమ్మను చంపెయ్."

వంటింట్లోంచి అత్త, "ఎవుర్ని చంపేది? ఏందే ఆడ గలాట?" అని అరిచింది. యేసన్న, "ఏం లేదు లక్ష్మక్కా, ఆటలో," అన్నాడు.

ఉమ పోయినప్పటి నుంచి 'పోయింది' అన్న మాట ఊరంతా నాతో అంది. నేను తల ఊపాను. ఒక్కసారి కూడా ఆ మాట పైకి అనలేదు. నీకు రాసిన ఉత్తరంలో తప్ప రాయనూ లేదు, దరఖాస్తులు కూడా యేసన్న చేత రాయించాను. ఈరోజు అన్నాను. "తాడు తెగింది. తిప్పమ్మ మునిగిపోయింది." నా గొంతు మామూలుగానే ఉంది. అది నాకు ఆశ్చర్యమనిపించింది. తర్వాత కాసేపు మామూలుగా లేదు. కుళ్లాయప్ప నా వీపు మీద చేయి వేసి అలాగే కూర్చున్నాడు.

అంతా అయ్యాక యేసన్న నియమాల ప్రకారం అడిగాడు, ఆమె వస్తువులు ఏం చేయాలని. కర్ర కుళ్లాయప్ప మనిషి తీసుకున్నాడు. కంబళి ఒడ్డున పాతిపెట్టారు. గొర్రెల్ని మేపుకోమని ఆ ఊరివాళ్లకు వదిలేశారు. ఈశ్వరి అంతా విని, "నాకు తెల్ల కాగితం ఇయ్యి," అంది. తన మనిషిని తనే రాసుకుంది. మారెక్క, బావులు తవ్వుతుంది, కొంచెం పిరికిది, ఈత వచ్చు. అందరికంటే వెనకున్న కుళ్లాయప్పతో సమానంగా, రెండో మెట్టు మీద మొదలుపెట్టాం. అరగంటలో రెండు తప్పులు చేసి జట్టునంతా బురదలో దింపింది. కుళ్లాయప్ప, "అదే తిప్పమ్మ అయ్యింటే—" అని మొదలుపెట్టి, తన నోటి మీద తనే కొట్టుకున్నాడు. ఈశ్వరి పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఉమది కాదు. ఏడేళ్లుగా ఈ ఇంటికి వచ్చిపోతున్న మనిషి ఎలా నవ్వుతుందో నేను ఈరోజు విన్నాను.

వాళ్లిద్దరూ వెళ్లాక సొరుగులోంచి కవరు తీసి ఆమె చేతికిచ్చాను. నిలబడే చదివింది. రెండుసార్లు చదివింది.

"ఎప్పుడొచ్చె?"

"గత నెల ఇరవై ఆరున. నేను దాచాను."

"రేపే ఆఖరు తేదీ."

"అవును."

"అమ్మ అడిగితే నేనెందుకు సరే అన్నానో తెలుసునా?" అంది. "కవరు రాలేదని. సీటు లేకపోతే ఏం చేద్దును? యాడిదో ఒగ ఇల్లు, ఇదయితే తెలిసిన ఇల్లు అనుకుంటి. నువ్వు చెడ్డోడివి గాదని గూడా అనుకుంటి."

తప్పు చేశానన్నాను.

"ఔ," అంది. కవరు మడిచి రవికలో పెట్టుకుంది. "నీతో కొన్నాళ్లు మాట్లాడను బావా. పెట్టె సర్దుకోవాల, నన్ను పిలవద్దు." గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఇది రాస్తుంటే ఇనప పెట్టె నేల మీద జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

అత్తకు ఇంకా తెలియదు. నిశ్చయానికి చీర తెచ్చి పెట్టుకుంది. వరండాలో కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. ఒక కూతుర్ని మట్టిలో పెట్టాను, రెండోదాన్ని నువ్వే పంపేస్తావా అని అడుగుతుంది. ఈశ్వరి వెళ్తే అత్త కూడా తన ఊరు యాడికి వెళ్లిపోతుంది. అప్పుడు ఈ ఇంట్లో నేను ఎలా ఉంటానో నాకు తెలియడం లేదు తిప్పేష్. బాగుపడ్డానని అనుకోకు. నాకు రేపటి వరకే తెలుసు.

రేపు పొద్దున ఐదు గంటలకు అత్త కాఫీకి నీళ్లు పెట్టేటప్పుడు వంటింట్లోకి పోయి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంటాను. కవరు దాచింది నేనని, ఈ పెళ్లి జరగదని చెబుతాను. ఈశ్వరి చేత ఒక్క మాట కూడా చెప్పించను. తర్వాత ఆరున్నర బస్సుకు ఆమె పెట్టె మోసుకుని అనంతపురం పోయి, ఆఫీసు మూసేలోగా ఆమెను చేర్పిస్తాను. ఫారంలో సంరక్షకుడి సంతకం అడుగుతారు. ఆమెకు మీరేమవుతారు అన్న గడిలో 'అక్క భర్త' అని రాసి, సంతకం పెడతాను.

నీ
జయచంద్ర